‘అనగననగ రాగ మతిశయిల్లు’: పలకాలా, పాడాలా, రాయాలా?

తెలుగు ఉపాధ్యాయిని (ఉన్నత పాఠశాల):

అనగననగ రాగ మతిశయిల్లుచునుండు
తినగ తినగ వేము తియ్యనుండు
సాధనమున పనులు సమకూరు ధరలోన
విశ్వదాభిరామ వినురవేమ

ఈ పద్యం మీద మీ అందరి ఆలోచనలు కావాలి. మా తొమ్మిదో తరగతి పిల్లలు ఫోన్లలో పద్యాలు పంపుకుంటున్నారు. సంతోషమే, కానీ అన్నీ ఇంగ్లిషు అక్షరాల్లోనే. వాటిని చూసి తెలుగులో రాసుకురమ్మంటే ఒక అమ్మాయి మొదటి పాదాన్ని ‘అనగ నగ రగ మతి శయిల్లు చునుందు’ అని రాసింది. అర్థం ఏమిటమ్మా అంటే, ‘మతి నిద్రపోతుంది టీచర్, శయనమంటే నిద్రే కదా’ అంది. నవ్వాను గానీ ఆ పిల్ల తెలివికి మెచ్చుకున్నాను కూడా. కంటికి కనిపించిన అక్షరాల నుంచి ఏదో ఒక అర్థం లాగింది కదా!

‘రాగము + అతిశయిల్లు’ అన్న సంధి చెవిన పడి ఉంటే ఆ పొరపాటు జరగదు. పైగా పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరంతో జత కుదరాల్సిన చోటు, అక్కడే ఉంది. నాలుగో గణం (అక్షరాల గుంపు) మొదటి అక్షరం ‘మ’. దానికీ పాదం మొదటి ‘అ’కూ మైత్రి ఎలా కుదిరిందంటే, సంధిలో కలిసిపోయిన ‘అతిశయిల్లు’లోని అకారంతో. మాటను ‘మతి’ అని విరిస్తే అర్థం పోతుంది, యతి ఎందుకు కుదిరిందో కూడా తెలియకుండా పోతుంది.

మా స్టాఫ్ రూములో అందరూ ఫోనునే తిడుతున్నారు. నాకు అంత కోపం లేదు. పద్యం ముందు చెవిలోకి వెళ్లాలి, తర్వాత కంటికి కనపడాలి. మనం ఆ వరుస తిరగేశాం. పుస్తకం తెరవగానే గురువు (పొడుగు అక్షరం), లఘువు (పొట్టి అక్షరం) గుర్తులు పెట్టమంటున్నాం.

కంప్యూటర్ ఉపాధ్యాయుడు:

టీచర్ గారూ, ఇంగ్లిషు అక్షరాల అలవాటు బద్ధకం వల్ల పుట్టిందని చాలామంది అనుకుంటారు. అందులో సగమే నిజం. మామూలు ఎస్సెమ్మెస్‌లో ఒక సందేశానికి 140 బైట్ల చోటు ఉంటుంది. ఇంగ్లిషు అక్షరానికి ఏడు బిట్లు చాలు కాబట్టి 160 అక్షరాలు పడతాయి. తెలుగు అక్షరానికి రెండేసి బైట్లు కావాలి, అందుకని 70 మాత్రమే. అందులోనూ గుణింతం గుర్తు వేరే లెక్క, వొత్తు వేరే లెక్క. ‘ల్లు’ మన కంటికి ఒక్క అక్షరం, ఫోనుకు నాలుగు: ల, పొల్లు, మళ్లీ ల, ఉకారం.

మీ పద్యాన్నే లెక్కపెట్టి చూశాను. ఖాళీలతో కలిపి మొదటి పాదం 28, రెండోది 25, మూడోది 26, నాలుగోది 21. పాదాల మధ్య విరుపులు మూడు కలిపితే 103. అంటే ఒక్క సందేశంలో పంపాలంటే ‘సాధనమున పనులు స’ దగ్గర చోటు అయిపోతుంది. పనులు సమకూరవు! అదే పద్యం ఇంగ్లిషు అక్షరాల్లో నాలుగు పాదాలూ 160 లోపే సర్దుకుంటుంది. ఎస్సెమ్మెస్‌ల కాలం నాటి ఫోన్లు చాలావాటిలో తెలుగు అక్షరాలకు బదులు గళ్లు కనిపించేవి కూడా. ఆ రోజుల్లో జనం చేసింది సబబే. ఇప్పుడు ఆ ఇరుకు లేదు, అలవాటు మాత్రం మిగిలింది.

అసలు నష్టం లిపి మారడంలో కంటే దీర్ఘం పోవడంలో ఉంది. పిల్లలు దీర్ఘానికీ హ్రస్వానికీ ఒకే అక్షరం కొడతారు, ‘ట’కూ ‘త’కూ, ‘డ’కూ ‘ద’కూ కూడా అంతే. ‘పాట’, ‘పాత’, ‘పట’ అన్నీ ఒకేలా కనిపిస్తాయి. మీ అమ్మాయి ‘రాగ’ను ‘రగ’ చేసింది, ‘డు’ను ‘దు’ చేసింది అందుకే. తొలి తరం బ్లాగర్లు లేఖినిలో (ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగులో చూపే సైటు) టైపు చేసేటప్పుడు దీర్ఘానికి ఇంగ్లిషు అక్షరం రెండుసార్లు కొట్టాలి, లేదా పెద్దది కొట్టాలి, ‘ళ’కూ ‘ణ’కూ పెద్ద అక్షరం వాడాలి. అంటే ప్రతి మాట దగ్గరా ఇది పొట్టా పొడుగా అని ఆగి ఆలోచించేవాళ్లు. తెలియకుండానే అది గురులఘువుల అభ్యాసం.

సంగీత ఉపాధ్యాయుడు:

ఇక్కడ నేను కలగజేసుకోక తప్పదు. ఈ పద్యం ఆటవెలది. దాని రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే. నగణమైనా (మూడు లఘువులు) హగణమైనా (గురువు, లఘువు) మూడే మాత్రలు; లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ‘తినగ, తినగ, వేము, తియ్య, నుండు’ అంటూ చేత్తో తాళం వేయండి: తకిట తకిట తకిట తకిట తకిట. శుద్ధమైన తిశ్రం, మూడేసి మాత్రల నడక.

మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. ఇంద్రగణానికి నాలుగు మాత్రలైనా ఉండవచ్చు, అయిదైనా ఉండవచ్చు. వేమన ఇక్కడ రెండూ అయిదు మాత్రలవే వేశాడు. ‘అనగ, ననగ, రాగ’ మూడు తకిటలు. ‘మతిశయిల్’ తకతకిట, ‘ల్లుచునుండు’ తకతకిట. అంటే మూడేసి మాత్రలతో గబగబా నడిచి, చివర అయిదేసి మాత్రల రెండు ఖండాలతో అడుగు చాపాడు. ‘అతిశయిల్లు’ అన్న మాట దగ్గరే నడక పెద్దదవుతుంది. కావాలని చేశాడో లేదో నాకు అనవసరం, నోటికి ఆ హాయి తెలుస్తుంది. మూడో పాదం కూడా అంతే: ‘సమకూరు’, ‘ధరలోన’ అయిదేసి మాత్రలు.

పిల్లల చేత ముందు దరువు వేయించండి, అర్థం తర్వాత. మా దగ్గర మాయామాళవగౌళలో సరళీ వరుసలు మొదలుపెట్టిన రోజున ఏ పిల్లవాడికీ రాగలక్షణం చెప్పం. ఒకటో కాలం, రెండో కాలం, మూడో కాలం, అంతే. మోహన రాగం ఆరోహణ అవరోహణ ఎవరైనా ఒక్క నిమిషంలో ఒప్పజెప్పగలరు. అది మోహనలా వినిపించడానికి ఏళ్లు పడుతుంది. అనగననగ అతిశయిల్లేది అదే.

విశ్రాంత తెలుగు పండితుడు:

మాస్టారూ, దరువు దాకా సరే. ‘రాగం’ అంటే మీరు సంగీతమేనని తీర్మానించేశారు. అనురాగం కూడా రాగమే. పదేపదే పలకరించుకుంటే ప్రేమ పెరుగుతుందని చెప్పేవాళ్లూ ఉన్నారు. నా ఓటు మీకే. మూడో పాదంలో ‘సాధన’ ఉంది కాబట్టి గానమే పొసగుతుంది. కానీ ఆ రెండో అర్థం క్లాసులో చెప్పి చూడండి, పిల్లలు వాదించుకుంటారు. పద్యం గుర్తుండిపోవడానికి అది చాలు.

ఇంకో మాట. వేమన పద్యాలు చాలాకాలం నోటి మీదుగానే నడిచాయి. బ్రౌన్ దొర రాతప్రతులు పోగుచేసి 1829లో అచ్చు వేయించాడు. అందుకే పాఠాలు ఒక్కలా ఉండవు. ‘తియ్యనుండు’ అన్నచోట ‘తియ్యగుండు’ అనేవాళ్లూ ఉన్నారు. గణం చెడదు, యతి చెడదు. ఏ పాఠం నోట ఉన్నా పిల్లవాడి మార్కులు కోయకండి.

సైన్సు టీచర్:

వేప ఎన్నిసార్లు తిన్నా తియ్యబడదు. మా ఇంట్లో ఉగాది పచ్చడి సాక్షి.

విశ్రాంత తెలుగు పండితుడు:

ఏడాదికి ఒక్కసారి చెంచాడు తింటే ఎలా తియ్యబడుతుందమ్మా? ‘తినగ తినగ’ అన్నాడు ఆయన.

సంగీత ఉపాధ్యాయుడు:

పండితుల వారితో నాకొక చిన్న తగవు ఉంది, ఇక్కడే తేల్చుకుందాం. బళ్లలో పద్యం చెప్పేటప్పుడు చాలామంది రంగస్థలం బాణీ పట్టుకుంటారు. పాదం చివర ‘అతిశయిల్లుచునుండూ...’ అని ఆలాపన సాగదీస్తారు. వినడానికి ఇంపుగానే ఉంటుంది, కానీ ‘డు’ లఘువు. అది ఎనిమిది మాత్రలు సాగితే, విన్న పిల్లవాడు నోటుబుక్కులో దానికి గురువు గుర్తు పెడతాడు. తప్పు వాడిదా, పాడిన మనదా?

విశ్రాంత తెలుగు పండితుడు:

ఛందస్సుకు అక్షరం ప్రమాణం, గొంతు కాదు. అది పిల్లవాడికి ఒకసారి విడమరిచి చెబితే సరిపోతుంది. ఆలాపన మాత్రం మానను. తిరుపతి వేంకట కవుల నాటక పద్యాలు అక్షరం ముక్క రానివాళ్ల నోళ్లలో ఆడాయంటే ఆ రాగం తీయడం వల్లే. తెల్లవారుజాము దాకా జనాన్ని కూర్చోబెట్టింది గణవిభజన కాదు నాయనా. నీ తకిట పిల్లవాడిని పద్యం దగ్గరికి తెస్తుంది, ఒప్పుకుంటాను. వాడు పదేళ్ల తర్వాత కూనిరాగం తీసేది మాత్రం ఆ ఆలాపననే.

సంగీత ఉపాధ్యాయుడు:

అయితే వరుస పెట్టుకుందాం. ముందు దరువు, తర్వాత చదువు, చివర మీ రాగం. మొదటి రోజే రాగం తీయకండి, అంతే నా మనవి.

తెలుగు ఉపాధ్యాయిని:

ఈ రాజీ నాకు నచ్చింది. రాత సంగతి కూడా చెప్పనివ్వండి. మా తరగతికి ఒక బ్లాగు పెట్టాం. వారానికి ఒక్కొక్కరు ఒక పేరా రాయాలి, విషయం వాళ్ల ఇష్టం. మొదట్లో అందరూ వ్యాసాల పుస్తకంలోంచి ‘మానవ జీవితంలో చెట్ల ప్రాముఖ్యం’ దించేవాళ్లు. తప్పులు దిద్దడం కొన్నాళ్లు ఆపేసి, రాసింది క్లాసులో గట్టిగా చదివించడం మొదలుపెట్టాను. అప్పుడు మారింది. చదువుతూ చదువుతూ వాళ్లే ఆగి, ‘టీచర్, ఇక్కడ బాగా లేదు, మారుస్తాను’ అంటున్నారు. ఒక అబ్బాయి వాళ్ల తాత ఎద్దులను అదిలించే మాటల గురించి రాశాడు. వాక్యాలు పొట్టిపొట్టివి, వొత్తులు సగం లేవు. ఎంత బాగుందో! ఆ వొత్తులు తర్వాత నేర్పుకోవచ్చు, ఆ గొంతు నేను నేర్పలేను.

ఫోను సందేశాలను నేను రాతగా లెక్కపెట్టను, మాటగా లెక్కపెడతాను. మాటలో తొందర ఉంటుంది, తుంపులు ఉంటాయి, ఉండనివ్వండి. కానీ తొందరలో కొట్టిన అక్షరాలనే పరీక్షలో రాస్తే నేను ఊరుకోను. ఆ రెంటికీ తేడా పిల్లలకు బాగా తెలుసు. ఇంట్లో అమ్మతో ఒకలా, హెడ్‌మాస్టర్‌తో ఒకలా మాట్లాడేవాళ్లకు ఈ మాత్రం తెలియదా?

అమెరికాలో వారాంతపు తెలుగు తరగతి నడిపే ఉపాధ్యాయిని:

నమస్కారమండీ. మా పిల్లలది ఇంకో అవస్థ. తెలుగు వినగలరు, కొంత మాట్లాడగలరు, పద్యం ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకుని బట్టీ పడతారు. ఇంగ్లిషులోలాగా మాటలో ఒకచోట గట్టిగా ఊనుతారు. దాంతో ‘అనగననగ’ కాస్తా ‘అనాగ నానగ’ అయిపోతుంది. లఘువులన్నీ సమానంగా పలకడం వాళ్లకు కొత్త. మీరు చెప్పిన తకిటతో మొదలుపెడతాను. ఒక సందేహం. ‘సాధనమున’ను ఎలా విడగొట్టాలి? ‘సాధన’ అని ఆపితే లెక్క కుదరడం లేదు.

తెలుగు ఉపాధ్యాయిని:

‘సాధ’ ఒక గణం, ‘నమున’ ఇంకొకటి, ‘పనులు’ మూడోది. మాట ఎక్కడ ఆగుతుందో గణం పట్టించుకోదు. పైన ‘అతిశయిల్లు’ కూడా రెండు గణాల్లోకి చీలింది చూడండి. దరువు వేసేటప్పుడు ‘సాధ, నమున’ అనే పలికించండి, కాసేపు వింతగా ఉంటుంది. దరువు చేతికి వచ్చాక చప్పట్లు ఆపించి, మాట విరగకుండా ‘సాధనమున’ అని ఒక్క ఊపులో చదివించండి. చేతికి పట్టిన లెక్క నోట్లో నిలుస్తుంది. ‘అనాగ’ అన్న పిల్లవాడికి మాత్రం రెండో పాదం ముందు నేర్పండి, అన్నీ మూడేసి మాత్రలే కాబట్టి తేలిక. మొదటి పాదం ఆ తర్వాతి వారం.