సెలైన్ పోషణ మీద ఉన్న పాపకి డైరెక్ట్ బిలిరుబిన్ పెరుగుతోంది, ఎవరికైనా ఇలా అయిందా?

బుజ్జితల్లి_అమ్మ:
పాప ఏడో నెలలోనే పుట్టింది, 1,150 గ్రాములు. పన్నెండో రోజున పేగు పాడైందని ఆపరేషన్ చేసి కొంత ముక్క తీసేశారు. అప్పటి నుంచి అయిదు వారాలుగా టీపీఎన్ (పోషణ అంతా నరంలోంచే ఎక్కించడం) మీదే ఉంది. కామెర్లకి రక్తంలో చూసే డైరెక్ట్ బిలిరుబిన్ మొన్నటిదాకా 1.1, ఇవాళ 4.3 అన్నారు. ఒళ్లంతా పసుపు కాదు, ఒకరకం ఆకుపచ్చ కలిసిన రంగు. మా అత్తగారేమో లైట్ కింద ఎందుకు పెట్టరు అని రోజూ ఒకటే పోరు, డాక్టర్ గారిని అడిగితే దీనికి లైట్ పనికిరాదు అని వెళ్లిపోయారు.

నైట్‌డ్యూటీ_నర్స్:
డాక్టర్ చెప్పింది నిజమే అమ్మా. లైట్ పనిచేసేది ఇన్‌డైరెక్ట్ మీద, అంటే లివర్ ఇంకా మార్చని బిలిరుబిన్ మీద. డైరెక్ట్ పెరిగిందంటే లివర్ నుంచి పిత్తరసం సరిగా కిందికి దిగట్లేదని, అలాంటి పిల్లల్ని లైట్ కింద పెడితే ఒళ్లు కంచు రంగుకి తిరగొచ్చు కూడా. ఇక కారణం ఒక్కటే ఉండదు: లివర్ ఇంకా ఎదగలేదు, నోటి నుంచి పాలు లేక పేగు ఖాళీగా ఉంది, మధ్యలో ఇన్‌ఫెక్షన్లు, పైగా సిరంజి పంపులో పాలలా తెల్లగా వెళ్లే ఆ కొవ్వు మందు. అది పూర్తిగా సోయా నూనెదైతే అందులోని మొక్కల స్టెరాల్స్ పిత్తానికి అడ్డుపడతాయి. ఏ లిపిడ్ ఇస్తున్నారు, కిలోకి ఎంత అని అడుగు, తప్పేం లేదు.

డల్లాస్_నాన్న:
మా వాడు పేగులు పొట్ట బయటికి వచ్చి పుట్టాడు, దాదాపు మూడు నెలలు టీపీఎన్. డైరెక్ట్ 6 దాటాక చేప నూనె లిపిడ్‌కి మార్చారు, ఒమెగావెన్ అని, కిలోకి రోజుకి 1 గ్రాము. ఇక్కడ అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ దీన్ని 2018లో సరిగ్గా ఈ జబ్బు ఉన్న పిల్లల కోసమే ఒప్పుకుంది. మార్చిన మొదటి రెండు వారాలు అంకె తగ్గకపోగా ఇంకా పెరిగింది, నాకైతే నిద్ర లేదు. తర్వాత మెల్లగా దిగింది, రెండు లోపుకి రావడానికి రెండు నెలలు పైనే పట్టింది.

గుంటూరు_పిన్ని:
మా ఊళ్లో ఒమెగావెన్ దొరకలేదన్నా. సోయా, ఎంసీటీ (తేలిగ్గా అరిగే ఒకరకం కొవ్వు), ఆలివ్, చేప నూనె నాలుగూ కలిసిన స్మోఫ్‌లిపిడ్ ఇచ్చారు, చేప నూనె అందులో 15 శాతమే. అయినా మా అక్క కూతురికి అసలు మలుపు పాల దగ్గరే వచ్చింది. మూడు గంటలకి 1 ఎంఎల్, గొట్టంలో! అక్క పిండిన పాలు సిరంజిలో చూస్తే ఏడుపొచ్చేది, అంతేనా అని. ఆ చుక్కలే పేగుని కదిలించి పిత్తాన్ని కిందికి లాగుతాయట. 1 నుంచి 20కి రావడానికి నెలన్నర, మధ్యలో పొట్ట ఉబ్బి రెండుసార్లు ఆపారు.

నైట్‌డ్యూటీ_నర్స్:
ఇంకో మాట. రోజూ డైపర్ చూడు. దొడ్డికి సున్నంలా, బంకమట్టిలా తెల్లగా వస్తే ఫోన్‌లో ఫొటో తీసి ఆ రోజే చూపించు, టీపీఎన్ వల్లే అని సర్దుకుపోకూడదు. పిత్తనాళాలు మూసుకుపోయే జబ్బు కూడా ఇలాగే కనిపిస్తుంది, అదైతే ఆపరేషన్ ఆలస్యమయ్యే కొద్దీ నష్టం. లైన్ (టీపీఎన్ ఎక్కే నరం గొట్టం) ముట్టుకునే ముందు చేతులు కడుక్కోమని ఎవరికైనా చెప్పు, మాకైనా సరే. ఒక్క ఇన్‌ఫెక్షన్‌తో లివర్ వెనక్కి పోతుంది.

గుంటూరు_పిన్ని:
కామెర్లకి పసరు అని ఎవరో ఒకరు తెస్తారు చూడు, మాకు తెచ్చారు. పసరూ వద్దు, తేనె చుక్కా వద్దు.

బుజ్జితల్లి_అమ్మ:
పసరు ఆల్రెడీ వచ్చేసింది పిన్నీ, మా ఆయన బాత్రూంలో పారబోశారు 😄 అడిగాను, ఇప్పటిదాకా సోయాదే ఇస్తున్నారట, రేపటి నుంచి మారుస్తామన్నారు. అల్ట్రాసౌండ్‌లో పిత్తాశయం కనిపించింది, దొడ్డికి పచ్చగానే ఉంది. సాయంత్రం 1 ఎంఎల్ పోశారు, తొమ్మిదింటికి చూస్తే పొట్ట మెత్తగానే ఉంది.