‘మంజులతా’: ఎక్కడ విరవాలి?

తోటమాలి, విజయనగరం: ఫిలోడెండ్రాన్ మొక్కల కుండీలకి తెలుగులో పేరు చీటీలు రాయాలి. గ్రీకులో ఫిలో అంటే ప్రేమ, డెండ్రాన్ అంటే చెట్టు. చెట్టుని అల్లుకునే తీగ అనగానే పోతన ‘లతాశోభితమున్’ నాలుక మీద ఆడుతోంది. దాని ముందున్నది ‘మంజు’నా, ‘మంజుల’నా? పద్యం, భాగవతాన్ని కల్పతరువుతో పోల్చే ‘లలితస్కంధము’ అనే గుర్తు.

ఛందోభిమాని, ఆమదాలవలస: ఆ పద్యమేనండీ, మత్తేభం. మొదటి పాదం ‘రామంబు మం’ దగ్గర ఆగుతుంది, రెండోది ‘జులతాశోభితమున్’ అని ఎత్తుకుంటుంది. మాట మధ్యలోనే పాదం విరిగింది కాబట్టి ఆ విరుపు మనకి సాక్ష్యం కాదు. మంజు+లతా అంటే అందమైన తీగలు, మంజుల+తా అంటే మంజులత్వం, సొగసు. కల్పతరువుకి మొదటిది, భాగవతానికి రెండోది.

బొబ్బిలి పాఠకుడు: ‘తా’ దీర్ఘం ఉంది కాబట్టి లతలే అనే వాదన విన్నాను. అది నిలవదు, భావార్థంలో వచ్చే ‘తా’ కూడా సమాసంలో దీర్ఘమే. అయినా నా మొగ్గు తీగల వైపే. పద్యంలోని స్కంధం (మాను), మూలం, చిలక పలుకు, పువ్వు, పండు, పాదు అన్నీ చెట్టు సరంజామాయే. మధ్యలో తీగ లేకపోతే వరస తెగిపోతుంది.

ఛందోభిమాని, ఆమదాలవలస: గ్రంథం వైపూ వరస ఉంది కదా మాస్టారూ! స్కంధాలు అంటే భాగవతంలోని భాగాలు, తర్వాత కృష్ణుడు, శుకుడు, వ్యాసుడు. ఒక అర్థం తీసేస్తే శ్లేష సగం పోయినట్టే.

పచ్చాకు, పలాస: చీటీ రాసేముందు అది ఫిలోడెండ్రానే అని తేల్చుకోండి. తమలపాకులా ఉన్న ప్రతిదీ మనీప్లాంటు పేరుతోనే అమ్ముడైపోతోంది. కొత్త ఆకుని చూడండి. ఫిలోడెండ్రాన్‌లో చిగురు పలచటి తొడుగులోంచి వస్తుంది. ఆకు విచ్చాక తొడుగు ఎండి, గోధుమరంగు పొరలా కణుపుని కొన్నాళ్లు పట్టుకుని రాలిపోతుంది. మనీప్లాంటులో ఆ తొడుగు ఉండదు, ముందటి ఆకు కాడలోంచే కొత్తాకు చుట్ట విప్పుకుంటుంది. కాడని వేళ్ల మధ్య తిప్పితే మనీప్లాంటుకి పైన గాడి తగులుతుంది, హార్ట్‌లీఫ్ ఫిలోడెండ్రాన్‌కి గుండ్రంగా ఉంటుంది. రంగు నమ్మొద్దు. నియాన్ మనీప్లాంటు, లెమన్ లైమ్ ఫిలోడెండ్రాన్ రెండూ ఒకే లేతపసుపు పచ్చ.

ఇంకోటి, అన్నిటికీ ‘లత’ కుదరదు. హార్ట్‌లీఫ్, మైకాన్స్, బ్రెజిల్ అనే రకాలు పాకుతాయి. కొబ్బరిపీచు చుట్టిన కర్ర ఇచ్చి, పీచు తడిగా ఉంచితే ఊడలు పట్టుకుని ఆకు పెద్దదవుతుంది. బర్కిన్ రకం పాకదు, బల్ల మీదకి అదే మేలు. పింక్ కాంగో అనే రకం మాత్రం కొనకండి, ఆ గులాబీరంగు మందుతో తెప్పించింది, కొన్ని నెలల్లో కొత్తాకులు పచ్చగా వచ్చేస్తాయి. చీరికల పెద్దాకుల బైపిన్నాటిఫిడం అయితే 2018లో ఫిలోడెండ్రాన్ల నుంచి థామటోఫిల్లం అనే వేరే ప్రజాతిలోకి మారిపోయింది.

బొబ్బిలి పాఠకుడు: ‘లత’ వదిలేసి ‘పాదు’ అనొచ్చుగా? మనవైపు ఆనపపాదు, బీరపాదు అంటే తీగే. చెట్టు మొదట్లో నీళ్లు నిలిపేదీ పాదే. పోతన ‘వ్యాసాలవాలం’లో ఆలవాలం ఆ రెండోదే.

పచ్చాకు, పలాస: వ్యాసం అంటే కొలత కూడా కదా! కుండీ వ్యాసం వేళ్లముద్ద కంటే రెండంగుళాలు మించకూడదు. మించితే వేళ్లు తాగని నీరు మట్టిలో నిలిచి, ముందు వేళ్లు కుళ్లుతాయి, తర్వాత కింది ఆకులు పండుతాయి. కుండీ మిశ్రమానికి కోకోపీట్ (కొబ్బరిపొట్టు) రెండు పాళ్లు, మాగిన పశువుల ఎరువు ఒకటి, బొగ్గుముక్కలు ఒకటి. పై రెండంగుళాలు ఆరాకే నీళ్లు. కొమ్మ నాటితే కణుపు తప్పనిసరి, కణుపు లేని ఆకు నీళ్లలో వేళ్లు వేసినా తీగ కాదు. చేమ, కంద వంశమే ఇది, నమిలితే నోరు మండుతుంది, చిన్నపిల్లలకి అందనివ్వకండి.

తోటమాలి, విజయనగరం: సరేనండీ, పాకేవాటికి ‘మంజులత’ అని రాస్తాను.

పచ్చాకు, పలాస: కలిపి రాస్తే చాలామంది ‘మంజుల’ దగ్గరే ఆగుతారు. తెల్లమచ్చలతో, అంచు అలల్లా ఉండే మనీప్లాంటు రకం ఒకటుంది, దాని పేరే మంజుల.

ఛందోభిమాని, ఆమదాలవలస: విడదీసి ‘మంజు లత’ అంటే శ్లేష పోతుందండీ!