వెబ్లీ సీనియర్ ఎయిర్ పిస్టల్: ఏ నూనె, ఎక్కడ, ఎంత?

లెస్టర్_కుర్రాడు:
అందరికీ నమస్కారం. ఇక్కడ ఇంగ్లాండ్‌లో వేలంలో వెబ్లీ సీనియర్ .177 (అంగుళాల్లో గొట్టం కొలత) ఒకటి తీసుకున్నాను. బ్యారెల్ ఎత్తి కాక్ చేస్తుంటే, అంటే స్ప్రింగ్ బిగిస్తుంటే, లోపల గరగరమంటోంది. పెల్లెట్‌లో (చిన్న సీసపు గుండులో) దమ్ము లేదు. హింజ్ (బ్యారెల్ తిరిగే కీలు) దగ్గర గోధుమరంగు జిగురు పేరుకుంది, బ్యారెల్ మీద తుప్పు చుక్కలు ఉన్నాయి. బేకలైట్ గ్రిప్పులు బాగున్నాయి. స్ప్రింగ్ మార్చాలా? నూనె ఏది వాడాలి, సిలికాన్ స్ప్రేనా, కుట్టుమిషన్ నూనెనా? బ్లూయింగ్ (ఉక్కు మీది నీలినలుపు పూత) మళ్ళీ చేయించనా?

స్ప్రింగ్‌పిస్టన్:
నూనె కొనేముందు పిస్టన్ (సిలిండర్‌లో గాలిని నొక్కే భాగం) మీద సీలు, అంటే గాలి జారకుండా ఆపేది, ఏదో చూడండి. జవాబంతా దాని మీదే ఉంది. తోలు సీలైతే నూనె తాగి ఉబ్బితేనే గాలి ఆపుతుంది. సింథటిక్ అయితే సిలికాన్ నూనె సరిపోతుంది. సీనియర్‌లో మామూలుగా ఉండేది చీలిక ఉన్న కంచు రింగు. రింగుకీ సిలిండర్‌కీ మధ్య సన్నటి నూనె పొర లేకపోతే గాలి జారిపోతుంది. మీ పిస్టల్‌లో దమ్ము లేకపోవడానికి సగం కారణం అదే కావచ్చు.

సిలికాన్ స్ప్రే మాత్రం వద్దు. లోహం మీద లోహం రాసుకునే చోట దాని పొర నిలవదు, సిలిండర్‌కి గీతలు పడతాయి. చొచ్చుకుపోయే స్ప్రేలు తుప్పు పట్టిన స్క్రూలు వదిలించడానికే, కందెనగా పనికిరావు.

విప్పేముందు పెల్లెట్ లేదని, కాక్ అయి లేదని రెండుసార్లు చూసుకోండి. గ్రిప్పులు తీసి పక్కన పెట్టండి. ముందువైపు హింజ్ స్క్రూ తీసి బ్యారెల్‌నీ కాకింగ్ లింకునీ విడదీయండి. తర్వాత సిలిండర్ ముందువైపు ప్లగ్ (మరమూత) విప్పాలి. వెబ్లీలో పిస్టన్ పేల్చినప్పుడు వెనక్కి, అంటే మీ చేతివైపు పోతుంది. కాబట్టి స్ప్రింగ్ ఆ ప్లగ్‌కే ఆని ఉంటుంది. కాక్ చేయకపోయినా కొంత ఒత్తిడి మిగిలే ఉంటుంది, చివరి మర వదలగానే ప్లగ్ ఎగిరొస్తుంది. చెక్కముక్క అడ్డం పెట్టి క్లాంపుతో నొక్కి పట్టి, మెల్లగా వదలండి. మొహం దానికి ఎదురుగా ఉండకూడదు. ప్లగ్‌కి సరిపోయే పనిముట్టే వాడండి, పట్టకారు వేస్తే అంచులు పాడవుతాయి.

అన్నీ కిరోసిన్‌తో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. స్ప్రింగ్‌ని అద్దం మీద దొర్లించండి. తిన్నగా దొర్లితే మార్చక్కర్లేదు, ఎగుడుదిగుడుగా దొర్లితే వంగినట్టే. రెండు కొసలనూ 400, ఆపై 600 నంబరు ఎమెరీతో నున్నగా చేయండి. గరగరకి ఎండిన గ్రీజుతో పాటు ఈ గరుకు కొసలు కూడా కారణమే.

ఇక కందెన:
- పిస్టన్ ఒంటికి, స్ప్రింగ్ కొసలకి మాలిబ్డినం (మాలీ) పేస్టు. వేలితో రుద్దితే నల్లటి మరక మిగలాలి, ముద్ద కనిపించకూడదు.
- స్ప్రింగ్ చుట్లకి పలుచగా గ్రీజు. చిక్కటి డ్యాంపింగ్ (అదురు తగ్గించే) గ్రీజు దట్టిస్తే ఇంత చిన్న పిస్టల్‌లో వేగం పడిపోతుంది.
- కంచు రింగుకి పలుచటి మెషిన్ నూనె ఒకే ఒక్క చుక్క. తోలైతే నీట్స్‌ఫుట్ నూనెలో (పశువుల కాళ్ళ నుంచి తీసే తోలు నూనె) రాత్రంతా నానబెట్టి, తుడిచి బిగించండి.
- హింజ్‌కి, లింక్ పిన్నుకి మాలీ పేస్టు ఆవగింజంత.
- ట్రిగ్గర్ సియర్ (పిస్టన్‌ని పట్టి ఉంచే కొక్కెం) అంచుకి మాలీ పూత మాత్రమే. అక్కడ ఆకురాయి పెట్టకండి, అంచు అరిగితే దానంతటదే పేలుతుంది.

పిస్టన్ తలకి ముందు నూనె ఎక్కువైతే గాలి నొక్కుకున్నప్పటి వేడికి అది మండుతుంది. డీజిలింగ్ అనేది దీన్నే. మొదటి నాలుగైదు షాట్లకి సన్నటి పొగ వస్తే ఫరవాలేదు. టపాకాయలా చప్పుడొస్తే మాత్రం ఆపి, మళ్ళీ విప్పి తుడవండి. లేకపోతే స్ప్రింగ్ విరుగుతుంది.

తుప్పుకి_మందు:
బ్లూయింగ్ మళ్ళీ చేయించకండి, దయచేసి. బర్మింగ్‌హామ్‌లో వెబ్లీ అండ్ స్కాట్ 1924లో మార్క్ 1తో మొదలుపెట్టిన వరుసలోది ఇది. దీన్ని సేకరించేవాళ్ళు అసలు పూతకే విలువ కడతారు. పాలిష్ చక్రం మీద పెడితే చెక్కిన అక్షరాల అంచులు పోతాయి, అవి మళ్ళీ రావు.

తుప్పు చుక్కల మీద నూనె వేసి ఒకరోజు వదిలేయండి. తర్వాత నాలుగు సున్నాల (0000) స్టీల్ ఊల్‌తో, అంటే అతి సన్నటి ఉక్కు పీచుతో, అదీ నూనెలో ముంచి, మెల్లగా రుద్దండి. పొడిగా రుద్దితే బ్లూయింగ్ కూడా లేచిపోతుంది. గుంటలు మిగిలితే మిగలనివ్వండి. బేకలైట్‌కి సబ్బునీళ్ళు చాలు. బిగించేటప్పుడు గ్రిప్ స్క్రూ ఆనగానే ఆపేయండి, ఇంకో పావు చుట్టు తిప్పితే గ్రిప్పు పగులుతుంది.

లెస్టర్_కుర్రాడు:
విప్పాను, కంచు రింగే ఉంది. స్ప్రింగ్ తిన్నగానే ఉంది. బిగించాక గరగర పోయింది కానీ వేగం ఇంకా తక్కువే. బలమైన స్ప్రింగ్ వేయనా?

స్ప్రింగ్‌పిస్టన్:
వద్దండీ. బ్రీచ్ సీలు చూశారా? బ్యారెల్ వెనక కొస సిలిండర్‌కి ఆనే చోట ఉండే ఉంగరం. బ్యారెల్ మూసి, ఆ అతుకు మీద పలుచటి టిష్యూ కాగితం వేసి, పెల్లెట్‌తో మట్టి గోడవైపు ఒక షాట్ కొట్టండి. కాగితం ఎగిరితే గాలి అక్కడే పోతోంది. కొత్త ఉంగరం గోరుకి తగిలేంత పైకి ఉండాలి. మరీ ఎత్తైతే బ్యారెల్ కొక్కెం సరిగా పడదు. పెల్లెట్ లేకుండా పేల్చకండి, పిస్టన్‌కి గాలి మెత్త ఉండక సిలిండర్ గోడను నేరుగా గుద్దుతుంది.

స్ప్రింగ్ బలం పెంచినా ఆ దెబ్బే గట్టిదవుతుంది. పైగా ఇంగ్లాండ్‌లో ఎయిర్ పిస్టల్‌కి 6 అడుగు-పౌండ్ల (పెల్లెట్ శక్తి కొలత) పరిమితి ఉంది, దాటితే అది నిషిద్ధ ఆయుధమే. క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ వేగం కొలిచే పరికరం) ఉంటే లెక్క తేలిక: సెకనుకి అడుగుల్లో వేగాన్ని వేగంతో గుణించి, దాన్ని గ్రెయిన్లలో పెల్లెట్ బరువుతో గుణించి, 450240తో భాగించండి. 7.9 గ్రెయిన్ల పెల్లెట్ సెకనుకి 350 అడుగులు పోతే దాదాపు 2.1 అడుగు-పౌండ్లు. ఈ పిస్టల్ నుంచి ఆశించాల్సింది ఆ చుట్టుపక్కలే. సీలు మార్చి, అంకె చెప్పండి.