22వ తేదీ హాలు – అర్జెంట్, అందరూ చూడండి

శ్రీధర్: హోటల్లో మన కల్చరల్ ప్రోగ్రాంకి ఇంకా 19 రోజులే ఉంది. బ్యాక్‌డ్రాప్ మాధవి, సౌండ్ రఘు, పిల్లల ఐటమ్స్ వరుస పద్మక్క, సావనీర్ ప్రకటనలు కిరణ్. శుక్రవారంలోగా ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చెప్పండి.

మాధవి: అన్నా, అవన్నీ తర్వాత. ఇప్పుడే హోటల్ మెయిల్ వచ్చింది. అది ఒకప్పటి బ్యాంకు కదా, హాలు మధ్యలో ఉన్న ఆ పాత కౌంటర్లు కదపరట. గోడ దగ్గర స్టేజీ వేస్తే కుర్చీల్లో వాళ్ళకి కనిపించేది ఆ చెక్కలే.

కిరణ్: బుకింగ్ రోజున హోటల్ ఆవిడ "తీసేస్తాం" అంది కదా! నేను పక్కనే ఉన్నా.

మాధవి: ఆవిడ ఉద్యోగం మారిందట. కొత్తాయన వేరే మాట చెబుతున్నాడు. బిల్డింగ్ లిస్టెడ్, అంటే చట్టం కాపాడే పాత కట్టడాల జాబితాలో ఉంది, కౌంటర్లూ బిల్డింగ్‌లో భాగమే, కౌన్సిల్ అనుమతి లేకుండా పీకితే నేరమట. పాలరాతి స్తంభాలకి టేపు కూడా అంటించకూడదు.

రఘు: అనుమతి అడిగితే?

పద్మ: మామూలుగానే 8 వారాలు రఘూ. మాదీ లిస్టెడ్ ఇల్లే, గ్రేడ్ టూ, ఒక్క కిటికీ కోసం ఎన్ని తిప్పలు పడ్డామో మాకు తెలుసు.

కిరణ్: అందుకే స్కూల్ హాలు చాలన్నాను.

శ్రీధర్: ఫొటోలు చూసి ముందు ఎగిరిందెవరో పైకి వెళ్ళి చదువుకో.

కిరణ్: నేనే. కానీ కాంట్రాక్టు చదవకుండా సంతకం పెట్టింది నేను కాదు.

పద్మ: ఇద్దరూ ఆపండి. అడ్వాన్సు వెనక్కొస్తుందా?

శ్రీధర్: రాదక్కా. రద్దు చేసుకోడానికి 28 రోజుల ముందు గడువు దాటింది, 2,400 పౌండ్లూ పోయినట్టే. 9వ పేజీలో ఉంది, అమర్చిన సామాను కదపబోమని. రాత్రి పదకొండింటికి చదివాను, కంటికి ఆనలేదు. తప్పు నాదే.

(చాలాసేపు ఎవరూ ఏమీ రాయలేదు.)

రఘు: ఆఫీసు నుంచి వస్తూ హోటల్లో దిగాను. కౌంటర్ల లోపల, క్యాషియర్లు కూర్చునేచోట, ఖాళీ ఉంది. 7 మీటర్లు బై 6. అదే స్టేజీ అయితే?

పద్మ: కౌంటర్ వెనక పిల్లల తలకాయలే కనిపిస్తాయి.

రఘు: 80 సెంటీమీటర్ల విడి ప్లాట్‌ఫారాలు హోటల్లోనే ఉన్నాయి. నేల మీద పెట్టడమే, మేకు అక్కర్లేదు. ఆయన సరేనన్నాడు.

మాధవి: లండన్‌లో ద నెడ్ హోటల్ అచ్చం ఇంతే! లట్యెన్స్ మిడ్‌ల్యాండ్ బ్యాంకు కోసం గీసిన భవనం, మన రాష్ట్రపతి భవన్ గీసినాయనే. 2017లో హోటలయ్యాక కూడా వాల్‌నట్ కౌంటర్లు ఉంచేసి, మధ్యలో పాటవాళ్ళకి స్టేజీ వేశారు. లాకర్ల గదిని బార్ చేశారు.

పద్మ: నాలుగు వైపులా జనం ఉంటే కూచిపూడి పిల్లలు ఎటు తిరిగి నమస్కారం పెట్టాలి?

రఘు: మూడు వైపులే కుర్చీలు వేద్దాం. నాలుగోవైపు నుంచి ఎక్కుతారు. గ్రీన్‌రూమ్‌కి కింద ఇనుపగది ఇస్తామన్నారు. తలుపు మూసుకోకుండా బిగించేశారు, భయం లేదు. కాకపోతే సిగ్నల్ రాదు.

పద్మ: సిగ్నల్ రాదా? అంటే "మా పాప ఐటమ్ ఎప్పుడు" అని ఎవరూ నాకు ఫోన్ చెయ్యలేరు! వెంటనే తీసుకో.

కిరణ్: మరి పిల్లల్ని పైకి పిలిచేదెలా? నేను మెట్ల దగ్గర నిలబడతాలే, ఒక్కో టీమ్‌నీ పంపుతా. శ్రీధర్ అన్నా, ఇందాక నోరు జారాను.

శ్రీధర్: నేనూ అన్నానుగా. వదిలెయ్.

మాధవి: మరి నేను అచ్చు వేయించిన బ్యాక్‌డ్రాప్? వెనక గోడే లేదు ఇప్పుడు.

రఘు: వెడల్పెంత?

మాధవి: 6 మీటర్లు.

రఘు: శనివారం పదింటికి పట్టుకురా. నేల మీద సుద్దతో గీయొద్దన్నారు. అది పరిచి స్టేజీ కొలత చూద్దాం. చెప్పులు విప్పి తొక్కుతాంలే.