హోటల్ కాఫీ పిప్పి మిద్దెతోటకు మేలు చేస్తుందా?

ప్రశ్న అడిగినవారు, హైదరాబాద్:
మా వీధి చివర టిఫిన్ హోటల్‌లో డికాషన్ తీసిన కాఫీ పిప్పి రోజూ డబ్బా నిండా చెత్తబండిలోకి పోతుండడం చూసి, యజమానిని అడిగి తెచ్చుకుంటున్నాను. గులాబీ, కరివేపాకు కుండీల్లో పైపొరగా నేరుగా వేస్తున్నాను. ఇది మొక్కలకు హాని అని మా ఇంట్లో కొందరి అభిప్రాయం. ఇంతకాలం ఇలా సాగు చేస్తున్న వారి అనుభవం తెలుసుకోవాలని ఉంది.

మిద్దెతోట సాగుదారు, సికింద్రాబాద్:
తేవడం మానకండి, నేరుగా వేయడం మాత్రం మానండి. గులాబీకి కొంచెం ఆమ్లగుణమున్న మట్టి కావాలి కనుక కాఫీ పిప్పి మంచిదని చాలామంది నమ్ముతారు గాని, కాఫీలోని ఆమ్లాల్లో అధిక భాగం డికాషన్‌తోనే దిగిపోతుంది, పిప్పి దాదాపు తటస్థంగానే మిగులుతుంది. పైగా ఆ మెత్తని పొడి కుండీలో ఎండితే అట్టకట్టి, పోసిన నీరు లోపలికి ఇంకకుండా అంచుల వెంట జారిపోతుంది. మెల్‌బోర్న్ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, తాజా పిప్పి కలిపిన మట్టిలో ముల్లంగి, బ్రకోలీ, పొద్దుతిరుగుడు వంటి మొక్కల ఎదుగుదల తగ్గింది. ఎరువు అదనంగా ఇచ్చినా తగ్గింది కనుక, పోషకాల కొరత కంటే కుళ్లని పిప్పిలోని పదార్థాలే మొక్కను అడ్డుకుంటున్నాయని వారు భావించారు. కుండీలో వేరుకు తప్పించుకునే చోటు ఉండదని మరచిపోకూడదు.

పెరటితోట, రాజమహేంద్రవరం:
నేను ఒప్పుకోలేను. మా అమ్మమ్మగారి కాలం నుంచీ ఫిల్టరు దులిపిన పిప్పిని కరివేపాకు మొదట్లోనే వేస్తున్నాం, ఆ చెట్టు ఇప్పటికీ పచ్చగా ఉంది. ఇక హోటల్ చెత్త సంగతికి వస్తే, తడి చెత్తను వేరుచేసి అప్పగించడం దానిని పుట్టించినవారి బాధ్యత అని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలే చెప్పాయి. ఆ బాధ్యతను మనం ఉచితంగా నెత్తిన వేసుకోవడం ఎందుకు?

మిద్దెతోట సాగుదారు, సికింద్రాబాద్:
అమ్మమ్మగారి అనుభవాన్ని నేను కాదనడం లేదు. ఇంటి ఫిల్టరులో మిగిలే గుప్పెడు పిప్పి పెరటి నేలలో వానపాములకూ సూక్ష్మజీవులకూ ఒక పూట మేత మాత్రమే, అదే హోటల్ డబ్బా మొత్తం పది కుండీలలో వారం వారం పడితే అవి జీర్ణించుకోలేవు. తేడా అంతా మోతాదులోనే ఉంది. అందుకే కంపోస్టు డ్రమ్ములో పిప్పి ఘనపరిమాణం అయిదో వంతు మించకుండా చూస్తాను: ఒక తట్ట పిప్పికి మూడు తట్టల ఎండుటాకులు, ఒక తట్ట కూరగాయల తొక్కలు. పిప్పిలో, ఎండు బరువు లెక్కన, నత్రజని సుమారు 2 శాతం ఉంటుంది కనుక, ఎండుటాకుల కర్బనానికి అది చక్కని జోడు. రెండు మూడు నెలల్లో నల్లని మట్టి వాసన వస్తుంది, అప్పుడు కుండీకి చేర్చవచ్చు. ఎండుటాకులు సమకూర్చుకోకుండా పిప్పి మాత్రం మోసుకువస్తే డ్రమ్ము పుల్లని వాసన కొట్టి, ఇరుగుపొరుగువారు మొత్తం తోటనే మూయించమంటారు.

బాధ్యత గురించి మీరు అన్న మాట నిజమే. అయితే పిప్పిని వేరే డబ్బాలో వేయించడం మనం అడిగినప్పుడే మొదలవుతుంది, లేకపోతే అది ప్లాస్టిక్ కప్పులతో కలిసి ఎవరికీ కొరగాకుండా పోతుంది. మేము మూత ఉన్న బకెట్లు రెండు హోటల్‌కు ఇచ్చి, నిండినదాన్ని ప్రతి సాయంత్రం తెస్తాం. వెళ్లలేని రోజున ముందుగానే చెబుతాం, ఎందుకంటే తడి పిప్పికి రెండు మూడు రోజుల్లోనే బూజు పడుతుంది. టీకొట్ల నుంచి తెచ్చేవారు మరొకటి గమనించాలి. పాలు, చక్కెరతో కలిపి మరగించిన ఆకు చీమలనూ దుర్వాసననూ తెస్తుంది. ఇరానీ హోటళ్లలో డికాషన్ విడిగా, పాలు విడిగా కాస్తారు కనుక అక్కడి ఆకు శుభ్రంగా దొరికే అవకాశం ఎక్కువ.

పెరటితోట, రాజమహేంద్రవరం:
మోతాదు మాట అంగీకరిస్తున్నాను. హోటల్‌వారు బకెట్టు ఖర్చయినా పెట్టుకోవాలన్నది మాత్రం నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు, హైదరాబాద్:
ఇద్దరికీ కృతజ్ఞతలు. కుండీల పైపొరను ఈ రోజే గీరి తీసి డ్రమ్ములో వేశాను. పక్క పార్కులో ఊడ్చిన ఆకులు వారానికి రెండు బస్తాలు ఇస్తామన్నారు, కాబట్టి ఆ ఆకులకు సరిపడేంత పిప్పి మాత్రమే ఇకపై తెచ్చుకుంటాను.