గొగాన్ బొమ్మ పేరుకి తెలుగేంటి?

రంగులపెట్టె: ఫ్రెంచి చిత్రకారుడు పోల్ గొగాన్ 1892లో పసిఫిక్ దీవి తహితిలో వేసిన బొమ్మ. పక్క మీద బోర్లా పడుకున్న అమ్మాయి, వెనక నల్ల ముసుగులో ఓ ఆకారం. పై మూలన ఆయనే తహితి భాషలో రాశాడు: మనావో తుపాపావ్. ఇంగ్లీషువాళ్ళు మాత్రం చచ్చినవారి ఆత్మ కనిపెట్టుకుని ఉందనే అర్థం వచ్చేలా రాస్తారు. పత్రికకి వ్యాసం ఇవ్వాలి. తెలుగులో ఏం పెట్టను?

కాశీమజిలీ: మనావో అంటే తలపు, తుపాపావ్ అంటే దయ్యం. కనిపెట్టుకోవడం అందులో ఎక్కడుంది? ఆమె దయ్యాన్ని తలుస్తోందనీ, దయ్యమే ఆమెని తలుస్తోందనీ రెండర్థాలు ఉన్నాయని గొగానే రాసుకున్నాడు. "దయ్యం తలపు" అనండి. తలపు ఎవరిదో తెలుగు తేల్చదు, ఇంగ్లీషుకి ఆ వీల్లేదు.

బందరువాసి: ఆ పేరు పెడితే రాత్రి చదవం బాబోయ్.

కుంచెరావు: 1891లో దీవిలో దిగినాయన, మరుసటేడే తహితిలో పేర్లు! వచ్చీరాని భాషలో రాసి రెండర్థాలంటే మనం వ్యాకరణం వెతకాలా?

కాశీమజిలీ: పెట్టినవాడు చెప్పిందే అర్థం. నా బొమ్మకి "ఎడబాటు" అని పెడితే ఒక గ్యాలరీవాళ్ళు కేటలాగులో "ఏకాంతం" చేశారు. అడిగితే "అదైతే అమ్ముడుపోతుంది సార్" అన్నారు. ఆ మంట మీకు తెలీదు.

కుంచెరావు: మీ గ్యాలరీకి, తహితికి ఏంటండీ సంబంధం?

సుజాత_వి: పడుకున్న పిల్ల వయసు ఒక్కరూ ఎత్తరేం? పదమూడో పద్నాలుగో. ఆయనకి 44.

కాశీమజిలీ: ఇక్కడ ప్రశ్న పేరు గురించమ్మా.

సుజాత_వి: అమ్మా గిమ్మా వద్దు. నేనూ పేరు గురించే చెప్తున్నా. 1892 డిసెంబరులో భార్య మెట్‌కి ఉత్తరం రాశాడు. ఆ భంగిమ ఏమాత్రం హద్దు దాటినా అసభ్యమవుతుంది, అందుకే మొహంలో కాస్త భయం పెట్టాను, ఆ భయానికి కారణం చూపించాలి, ఇక్కడివాళ్ళకి దయ్యాలంటే భయం అని. విమర్శకులు అడిగితే చెప్పడానికట ఇదంతా! అంటే దయ్యం వచ్చింది బొమ్మని కాపాడటానికి. అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చి అగ్గిపుల్ల గీస్తే పిల్ల బిగుసుకుపోయి ఉందని చెప్పిందీ ఆయనే. ఆమె దేనికి భయపడిందో ఆమెని అడిగినవాళ్ళు లేరు.

కాశీమజిలీ: అయితే వేసినవాడికి తన బొమ్మ పేరు మీద హక్కే లేదంటారు!

సుజాత_వి: పెట్టుకునే హక్కుంది. అదొక్కటే అర్థమని మన చేత ఒప్పించే హక్కు లేదు. మీ బొమ్మలో మీ ఎడబాటు మీరే పడ్డారు. ఇక్కడ భయం ఒకరిది, పేరు ఇంకొకరిది.

కాశీమజిలీ: ఆ లెక్కన నమూనా కూర్చున్న ప్రతివాళ్ళనీ అడిగి పేర్లు పెట్టాలి. కానివ్వండి.

రంగులపెట్టె: తహితి పేరే తెలుగు లిపిలో వేసి, కింద "దయ్యం తలపు" అంటాను. వయసూ ఉత్తరమూ మొదటి పేరాలోనే వస్తాయి.

కుంచెరావు: వేస్తే సరిగ్గా వెయ్యండి. చివర "పఉ", మధ్యలో గొంతు ఆగాలి. "పావ్" అంటే బొంబాయి బండి దగ్గర దొరికేది.