అప్‌డేట్: ఒకే వేళకు వెళ్లినా రాతితీరం దారి ఎందుకు మునిగిందో తెలిసింది

సముద్రతీర పల్లెలో సెలవులు గడుపుతూ, మొదటి రోజు ఉదయం తొమ్మిదింటికి దాటిన రాళ్ల దారి నాలుగు రోజుల తర్వాత అదే వేళకు ఎందుకు మునిగి ఉందని అడిగాను. సమాధానమిచ్చిన వారికి ధన్యవాదాలు. ఆటుపోట్ల పట్టిక చూడమన్న సలహాయే ఫలించింది: ఆటు (సముద్రపు నీరు తగ్గే) వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కనుక, నాలుగు రోజుల్లో మూడు గంటలకు పైగా తేడా వచ్చింది. గాలికీ, నేను అనుమానించిన రాత్రి వర్షానికీ దీనితో సంబంధం లేదు, బూట్లు మార్చమన్న సలహా కూడా (మార్చాను!) ఇందుకు అక్కరకు రాలేదు. నిన్న నీరు పూర్తిగా తగ్గే వేళకు గంటన్నర ముందు బయలుదేరి, రాళ్ల గుంటల్లోని పీతలనూ నత్తలనూ తీరిగ్గా చూసి, పోటు మొదలవగానే వెనుదిరిగాం. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ నీరు మరింత తగ్గి, మరింత ఎత్తుకు పెరుగుతుంది కాబట్టి, ఆ రోజుల్లో వెళ్లేవారు తిరుగుదారి వేళను ముందే చూసుకోవాలి.